టిప్పులకు కరువు లేదు

"ఇక్కడ టిప్పులకేం కరువు లేదు కదా" అంది మా ల్యాబ్‌లో సీనియర్. టిప్పులంటే ద్రవాలు కొలిచి తీసే పిపెట్ చివర తొడిగే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, ఒకసారి వాడి పారేసేవి. గొంతు పెంచలేదు. ఆ మాటని, కోటు తగిలించుకుని ఇంటికెళ్లిపోయింది. శుక్రవారం సాయంత్రం, ఐదు గంటలకి.

తప్పు నాదే. కేంబ్రిడ్జ్ వచ్చి ఏడు నెలలైంది. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమైలాయిడ్ బీటా అనే ప్రోటీన్ మీద నా పని. 42 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. విడిగా ఉన్నప్పుడు దానికి నిలకడైన ఆకారమే ఉండదు. ఒకదాని మీద ఒకటి 4.7 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు) ఎడంతో పేర్చుకుంటూ పోగులైతే మాత్రం గట్టిపడిపోతుంది. థయోఫ్లావిన్ టి అనే రంగు కలిపి, 37 డిగ్రీల దగ్గర, వెలుగుని కొలిచే ప్లేట్ రీడర్‌లో పెడతాం. పోగులు పుట్టేకొద్దీ వెలుగు పెరుగుతుంది. నేను వాడే మోతాదుకి గ్రాఫ్ గంటసేపు కదలకూడదు. ఆ రోజు మొదటి నిమిషం నుంచే లేచింది.

పాలల్లో తోడు పడ్డట్టు. ముందే తయారైన పోగు ముక్కలు కాసిని పడితే చాలు, మిగతావి ఆగకుండా వాటికే అతుక్కుంటాయి. (తోడులో పని చేసేది బ్యాక్టీరియా, ఇది ప్రాణం లేని ప్రోటీన్. అయినా అమ్మకి ఫోన్లో ఇలా చెబితేనే అర్థమైంది.) పాత పోగులు తాకిన టిప్‌నే, ప్రోటీన్‌ని కలిపే బఫర్ ద్రావణం సీసాలో ముంచాను. రెండు వారాలు కష్టపడి శుద్ధి చేసిన ప్రోటీన్ పోయింది.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసేటప్పుడు టిప్పులు కడిగి, వేడి ఆవిరిలో ఆటోక్లేవ్ చేసి, ఒక్కొక్కటే మళ్లీ పెట్టెలో గుచ్చేవాళ్లం. ఆర్డర్ పెడితే వచ్చేసరికి నెలలు పట్టేది. అది శుభ్రత తెలియకపోవడం కాదు, పొదుపు. ఒక్క టిప్ పారేయాలన్నా ఈ చేతికి ఇప్పటికీ మనసొప్పదు. ఇదంతా ఆవిడకి చెప్పాలనిపించింది. సాకులా వినిపిస్తుందని ఊరుకున్నాను.

ఇండియా వాళ్లింతే అనుకుందేమోనని శని, ఆదివారాలు అదే టెన్షన్. ఈ ల్యాబ్‌లో ఏ ప్రోటీన్ ఆకారపు నమూనా తయారైనా రామచంద్రన్ ప్లాట్‌తో సరిచూడాల్సిందే కదా అని నాకు నేనే వాదించుకున్నాను. జి.ఎన్. రామచంద్రన్ గారు, సహచరులు 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇచ్చిన పటం అది, ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలి తిరగగలదో చూపించేది. నా అమైలాయిడ్ పోగుల మడతలు కూడా అందులో ఎడమవైపు పైభాగంలోనే పడతాయి. అయినా ఆ పటానికీ నేను మార్చని టిప్‌కీ ఏం సంబంధం?

అసలు బాధ వేరే. హైదరాబాద్‌లో మా సారైతే కారిడార్ అంతా వినపడేలా తిట్టేవారు. అరగంటకి "టీ తాగావా అమ్మా?" అనేవారు. దాంతో తిట్టూ అయిపోయేది, తప్పూ అయిపోయేది. ఇక్కడ ఎవరూ తిట్టలేదు.

మళ్లీ శుద్ధి చేసి, కొత్త బఫర్‌తో పెట్టాను. గ్రాఫ్ గంటసేపు కదల్లేదు. ఆవిడ వచ్చి, చూసి, "బావుంది" అని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ శుక్రవారం సంగతి అయిపోయినట్టేనా అని నేనింకా అడగలేదు.