ఖాళీ ఫ్యాక్టరీకి కరెంటు బిల్లు

ఫిబ్రవరిలో మా ఫ్యాక్టరీలో ఒక్క కాయ ఉండదు. చిత్తూరు పక్కన, పూతలపట్టు వైపు, మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి జూన్‌లో మొదలై ఆగస్టుకల్లా అయిపోతుంది. ఆ రెండున్నర నెలలు మాకు రాత్రీ పగలూ ఒకటే. తర్వాత కొన్నాళ్లు టమాటా, కొన్నాళ్లు జామ. ఫిబ్రవరి వచ్చేసరికి కోల్డ్ స్టోర్ మోత తప్ప లోపల అలికిడి ఉండదు. అలాంటి నెలకు నిరుడు, అంటే 2025లో, నాలుగు లక్షలు దాటిన కరెంటు బిల్లు వచ్చింది.

నేను అక్కడ అకౌంట్స్ చూస్తాను. తొమ్మిదేళ్లుగా ఆ బిల్లు కడుతున్నది నేనే గానీ ఏనాడూ చదివిన పాపాన పోలేదు. కింద మొత్తం ఎంత, ఆఖరి తేదీ ఎప్పుడు, అంతే. ఈసారి చదవక తప్పలేదు, ఎందుకంటే అదే వారం యూరప్‌లో మా గుజ్జు కొనేవాళ్ల దగ్గర్నుంచి ఒక ఫారం వచ్చింది. ఒక డ్రమ్ము గుజ్జుకు ఎంత కరెంటు, ఎంత కట్టె, ఎంత డీజిల్ పడుతోంది, అందులో పునరుత్పాదకం ఎంత, వచ్చే మూడేళ్లలో ఎంత తగ్గిస్తారు అని పదకొండు పేజీలు. సార్ దాన్ని నా టేబుల్ మీద పెట్టి, "సోలార్ పెడుతున్నామని రాసెయ్యమ్మా, అయిపోతుంది" అన్నారు. అప్పటికే సోలార్ వాళ్లొకరు వచ్చి షెడ్డు మీద స్థలం కొలుచుకుని 400 కిలోవాట్లకు కొటేషన్ కూడా ఇచ్చి వెళ్లారు.

డ్రమ్ముకెంత అని రాయాలంటే ముందు మొత్తం ఎంతో తెలియాలి కదా. బిల్లు తీసి మా ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. బిల్లులో డిమాండ్ అంటే ఆ నెల ఒకేసారి లాగిన గరిష్ఠ లోడు, దాన్ని కేవీఏల్లో కొలుస్తారు. "ఈ నెల మనం వాడిన డిమాండ్ 95 కేవీఏ అని ఉంది, డబ్బు 400కి కట్టించుకున్నారేంటి?" అని అడిగాను. అతను నవ్వాడు. "అక్కా, కరెంటు కంపెనీతో మన కాంట్రాక్ట్ 500 కేవీఏ. వాడినా వాడకపోయినా దాంట్లో 80 శాతానికి కట్టాల్సిందే. ఎప్పట్నుంచో అంతే." కేవీఏకు 475 రూపాయల చొప్పున 400కి లక్షా తొంభై వేలు. వాడింది 95. సీజనల్ పరిశ్రమలకు ఆఫ్ సీజన్‌లో వేరే కేటగిరీ ఉందన్న సంగతి ఇద్దరికీ తెలుసు, కానీ మనకు వర్తిస్తుందా అని ఎవరూ అడగలేదు. అతను ఆఫీసు పని అనుకున్నాడు, నేను కరెంటు పని అనుకున్నాను.

ఇంకో గడి పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పని చేసిన వంతు. 1కి ఎంత దగ్గరుంటే అంత మంచిది. 0.82 అని ఉంది. మోటార్లు తిరగడానికి కావలసిన అయస్కాంతం కోసం కొంత కరెంటు లైన్లోంచి వచ్చి, ఏ పనీ చేయకుండా మళ్లీ లైన్లోకే పోతుంది. అటూ ఇటూ తిరగడమే దాని ఉద్యోగం. మన దగ్గర హెచ్‌టీ, అంటే హై టెన్షన్ బిల్లును ఈ తిరుగుడు కూడా కలిసిన కేవీఏహెచ్‌లో లెక్కేస్తారు కాబట్టి ఆ తిరుగుడుకు కూడా మనమే కట్టాలి. కెపాసిటర్ ప్యానెల్ ఉంటే ఆ తిరుగుడు ప్యానెల్‌కూ మోటారుకూ మధ్యే ఉండిపోతుంది, బయట మీటరు దాకా పోదు. మాకు ప్యానెల్ ఉంది. తలుపు తీసి చూస్తే సగం ఫ్యూజులు పోయి ఉన్నాయి, లోపల బల్లి గుడ్లు. ఆ నెల దానివల్ల పోయింది నా లెక్కలో నలభై వేల పైచిలుకు. ఫ్యూజులు, రెండు కెపాసిటర్లు మార్చడానికి పద్దెనిమిది వేలు అయింది. ఏప్రిల్ బిల్లులో 0.98 కనిపించిన రోజు ఆ కాగితం ఫోటో తీసి మా ఆయనకు పంపాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

ఆ ఫోటోయే సార్‌కు చూపించి, సోలార్ కంటే ముందు ఒక ఎనర్జీ ఆడిట్ చేయిద్దామని అడిగాను. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పరీక్ష పాసైన ఆడిటర్లు ఉంటారు, ఫ్యాక్టరీ నడుస్తుండగా వచ్చి కొలుస్తారు. నడుస్తుండగా అంటే మాకు జూన్, జూలై. 2025 సీజన్ ఎలా గడిచిందో చిత్తూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్న లెక్క, గేటు బయట ట్రాక్టర్ల బారు, ఎండలో పండిపోతున్న కాయ, అరుపులు. ఆ గొడవ మధ్య ఆడిటర్ గారు మీటర్ల పెట్టె నెత్తిన పెట్టుకుని ట్రాక్టర్ల సందుల్లోంచి లోపలికొచ్చారు. ఎవరో రైతు ఆయన్ను తూకం అధికారి అనుకుని పావుగంట నిలదీశాడు.

మొదటి రోజే ఒక మాట అన్నారు: "మీ ఖర్చులో కరెంటు చిన్నది. పెద్దది ఆవిరి." మేమంతా ఆకాశం కేసి చూస్తున్నాం, ఆయన బాయిలర్ కేసి నడిచారు. కాయ గుజ్జును వేడి చేయాలి, స్టెరిలైజ్ చేయాలి, కాన్సంట్రేట్ అయితే నీళ్లు ఇగరబెట్టాలి. అన్నిటికీ ఆవిరే. సీజన్లో రోజుకు పది పదకొండు టన్నుల సరుగుడు కట్టె పోతుంది. ఆవిరి పని చేశాక మళ్లీ నీరవుతుంది కదా, ఆ వేడి నీళ్లు మా దగ్గర నేరుగా కాలువలోకి పోతున్నాయి. వాన రోజుల్లో ఆ కాలువ మీద పొగలు లేస్తుంటే చూడ్డానికి బాగుండేది కూడా. అవి తొంభై డిగ్రీల నీళ్లు. ఇటువైపు బాయిలర్‌కు బోరు నీళ్లు ముప్పై డిగ్రీల్లో పోస్తున్నాం. బాయిలర్‌కు పోసే నీటి వేడి 6 డిగ్రీలు పెరిగితే కట్టె ఒక శాతం మిగులుతుందని లెక్క.

బాయిలర్ దగ్గర ఉండే పెద్దాయన్ను నేను పెద్నాయనా అంటాను. ఇరవై ఏళ్ల పైనుంచీ అక్కడే. ఆడిటర్ స్టీమ్ ట్రాపులు, అంటే ఆవిరిని ఆపి నీటిని మాత్రం బయటికి వదిలే వాల్వులు, కొలుస్తుంటే ఆయన కాసేపు ఊరుకుని, పొడవాటి స్క్రూడ్రైవర్ తెచ్చి, మొన ట్రాపు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. "పాపా, ఇట్రా. విను." పెట్టుకున్నాను. బాగున్న ట్రాపులో టక్కు, కాసేపు మౌనం, మళ్లీ టక్కు. పాడైన దాంట్లో ఆగకుండా సుయ్ మని ఒకటే ఈల. అది ఆవిరి, పని చేయకుండానే వెళ్లిపోతున్నది. మొత్తం 22 ట్రాపుల్లో 9 పాడైపోయాయని పెద్నాయన చెవితో చెప్పాడు. ఆడిటర్ మిషను కూడా 9 అనే చెప్పింది. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు పెద్నాయనా?" అంటే, "చెప్పినా పాపా, సీజన్ అయినాక చూద్దాం అన్యారు. సీజన్ అయినాక ఎవురు వస్తారు ఈడికి?" అన్నాడు. ఆడిట్ రిపోర్టు తొంభై పేజీలు వచ్చింది. నన్నడిగితే దాంట్లో సగం విషయం ఆ స్క్రూడ్రైవర్ చెప్పేసింది.

గాలి సంగతి మాత్రం నేనే పట్టుకున్నాను, అందుకని కొంచెం వివరంగా చెప్తాను. కంప్రెసర్ గాలితో వాల్వులు, ఫిల్లింగ్ మిషను నడుస్తాయి. సీజన్ అయ్యాక ఒక ఆదివారం మిషన్లన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటి ఆన్ చేసి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవరూ గాలి వాడటం లేదు కాబట్టి అది ఒకసారి నిండి ఊరుకోవాలి. 70 సెకన్లు నింపింది, 110 సెకన్లు ఊరుకుంది, మళ్లీ 70. పది సార్లు రాసుకున్నాను. డెబ్భైని నూట ఎనభైతో భాగిస్తే దాదాపు 39 శాతం. అంటే కంప్రెసర్ ఇవ్వగల గాలిలో వందకు 39 వంతులు చిల్లుల్లోంచే పోతోంది. కంప్రెసర్ తాగే కరెంటులో పనికొచ్చేదే పదో వంతు, మహా అయితే కాస్త ఎక్కువ, మిగతాదంతా వేడిగా పోతుంది. ఆ మిగిలిన కాస్తలోంచి మళ్లీ ఈ చిల్లుల నష్టం. ఏడు బార్ ప్రెషర్ దగ్గర 3 మిల్లీమీటర్ల చిల్లు ఒక్కటి 4 కిలోవాట్ల దాకా తినేస్తుంది.

బకెట్లో సబ్బు నీళ్లు, పెయింటు బ్రష్షు. ఎలక్ట్రీషియన్, నేను, ఇద్దరు హెల్పర్లు లైను పొడుగునా పూసుకుంటూ పోయాం. బుడగలు వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత. మధ్యాహ్నానికి పదకొండు గీతలు. పెద్దది ఫిల్లర్ వెనక, ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టిన పైపు. హోసులు, కప్లింగులు మార్చడానికి పద్నాలుగు వేలు. తర్వాతి ఆదివారం మళ్లీ కూర్చుంటే 20 సెకన్ల నింపుడు, నాలుగు నిమిషాల విశ్రాంతి. జీతం పెరిగిన రోజు కూడా నాకంత సంబరం లేదు.

వేడి నీళ్లు తిరిగి బాయిలర్‌కు తెచ్చే పైపులు, ట్యాంకు, కొత్త ట్రాపులు, పైపులకు లాగింగ్ (వేడి పోకుండా చుట్టే పొర), ఇవన్నీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చేయించాం. రెండు పంపులకు వీఎఫ్‌డీలు, అంటే మోటారు వేగాన్ని తగ్గించే పెంచే పరికరాలు, కూడా బిగించాం. పంపు వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగమవుతుంది. మేము ఇన్నాళ్లూ పంపును ఫుల్లుగా తిప్పి వాల్వును సగం మూసేవాళ్లం. ఇలాంటి పనుల అప్పు మీద చిన్న పరిశ్రమలకు వడ్డీలో 5 శాతం భరించే అడీటీ అనే పథకాన్ని కేంద్రం 2025 జూలైలోనే ప్రారంభించింది. మా కాగితాలు బ్యాంకులో ఉన్నాయి.

అప్పుడు సోలార్. సార్ ఒక దశలో, కొండ మీద అన్నప్రసాదానికే ఎండతో ఆవిరి చేసి వండారు, మనమెందుకు చేయలేం అన్నారు. నిజమే, తిరుమలలో 2002లో 106 డిష్షులతో పెట్టారు, రోజుకు 15,000 మందికి వండేంత ఆవిరి. కానీ మా ఆవిరి అవసరం జూన్, జూలై రాత్రుల్లో కూడా. డిష్షులు పరచడానికి స్థలం కావాలంటే ట్రాక్టర్లు నిలిపే చోటు పోతుంది. ఆ మాట అక్కడితో ఆగింది.

ప్యానెళ్లు మాత్రం ఎన్ని అన్నది నేను పట్టుబట్టాను. ఆఫ్ సీజన్ మధ్యాహ్నం మా లోడు యాభై కిలోవాట్లు మించదు. 400 పెడితే ఏడాదిలో తొమ్మిది నెలలు లైన్లోకి పంపడానికే. గంట గంటకూ మీటరు రీడింగులు రాసి సార్ ముందు పెట్టాను. చివరికి 120 కిలోవాట్ల దగ్గర ఆగాం. కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు, ఏడాదికి లక్షా డెబ్భై వేల యూనిట్ల పైన. ఈ వాదన తెమిలేలోపు సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అది మా తెలివి కాదు, ఆలస్యం కలిసొచ్చింది. నెట్ మీటరింగ్ (లైన్లోకి పంపిన సోలార్ కరెంటును బిల్లులో లెక్కగట్టే పద్ధతి) దరఖాస్తు, తనిఖీ, రెండు వైపులా తిరిగే మీటరు అయి జనవరిలో స్విచ్ వేశాం. పూజ చేసి టెంకాయ కొట్టాం. పదకొండింటికి కరెంటు పోయింది. సోలార్ కూడా ఆగిపోయింది. సార్ నా వైపు చూశారు. లైన్లో కరెంటు లేకపోతే ఇన్వర్టర్ తనంతట తనే ఆగాలి, లేకపోతే స్తంభం మీద పని చేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. ఇది ముందే చెప్పాల్సింది, మరిచిపోయాను.

దానికంటే పెద్ద దెబ్బ ఫిబ్రవరి బిల్లులో తగిలింది. యూనిట్లు బాగా తగ్గాయి, పవర్ ఫ్యాక్టర్ మళ్లీ 0.79. ఎలక్ట్రీషియన్, నేను ప్యానెల్ ముందు నిలబడి మొహాలు చూసుకున్నాం. ఫ్యూజులు బాగున్నాయి, బల్లులు లేవు. రెండు రోజులకు గానీ అర్థం కాలేదు. మధ్యాహ్నం మా సోలార్ కరెంటు బయటికి పోతున్నప్పుడు కెపాసిటర్లను అవసరాన్ని బట్టి వేసి ఆపే ప్యానెల్లోని పాత రిలేకు ఆ ఎదురు ప్రవాహం అర్థం కాక కెపాసిటర్లను ఆపేస్తోంది. రెండు వైపులా లెక్కగట్టే రిలే వేరే ఉంటుంది. ప్యానెళ్లు బిగించిన వాళ్లు ఆ మాట ఎత్తలేదు, అడగాలని మాకూ తెలియదు. మీరు సోలార్ పెట్టిస్తుంటే మీ కెపాసిటర్ రిలే ఎలాంటిదో ఇవాళే చూసుకోండి.

ఆఫ్ సీజన్ కేటగిరీకి దరఖాస్తు ఇచ్చాం. యూరప్ ఫారం కూడా నింపి పంపాను. అందులో ఒక గమ్మత్తు ఉంది. కట్టె బయోమాస్ కాబట్టి, తోటల్లో పెంచిన సరుగుడని రుజువు చూపితే అది పునరుత్పాదకం కిందకే వస్తుంది. అంటే అన్నిటికంటే ఎక్కువ పొగ వదిలే మా పాత బాయిలర్ ఆ గడిలో మొదటి నుంచీ మంచిదే. రుజువు కోసం కట్టె లారీల బిల్లులు రెండేళ్లవి వెతికి తీయడానికి నాకు వారం పట్టింది.

ఇప్పుడు పెద్నాయనకు ఇంకో ఆలోచన. మామిడి టెంకలు. సీజన్లో గుట్టలుగా పడి ఉంటాయి, ఎత్తిపోయించడానికి మేమే ట్రాక్టరుకు డబ్బులిస్తాం. ఎండితే బాగా మండుతాయంటాడు. నిరుడు పచ్చివే నాలుగు గంపలు వేసి చూశాడు, పొగకు షెడ్డంతా దగ్గింది. షెడ్డు వెనక స్థలం చదును చేయించి ఆరబోద్దామని చెప్పాను. "జూన్‌లో వాన పడితే పాపా?" అన్నాడు. టార్పాలిన్లకు కొటేషన్ అడిగాను, ఇంకా రాలేదు.