ఒడ్డు పొంటే

"ఒడ్డు పొంటే పోండ్రి బిడ్డా, లోపలికి పోకుండ్రి." కాజీపేటలో రైలెక్కేలోపు అమ్మ ఈ మాట నాలుగుసార్లు అన్నది. ఆమె ఎరిగిన నీళ్లు భద్రకాళి చెరువు, లక్నవరం. నాకూ అంతే. లక్నవరంలో బోటెక్కిన ధైర్యంతోనే, విశాఖలో ఉండే బావ తన తెరచాప పడవలో భీమిలి దాకా పోయొద్దామంటే ఒప్పుకున్నాను.

మార్చి నెల. పొద్దున్నే హార్బర్ దాటాం. కుడిచేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకబడగానే పడవ ఊగుడు మొదలైంది. కాసేపటికి నైరుతి గాలి అందుకుంది. బావ ఇంజన్ ఆపి తెరచాప ఎత్తాడు. వేగం ఐదు నాట్లు, అంటే గంటకు తొమ్మిది కిలోమీటర్లు. మా గల్లీ పిల్లలు సైకిల్ మీద ఇంతకన్నా జోరుగా పోతారు.

ఒడ్డు మాత్రం చాలా దూరంగా ఉంది. "బావా, కొంచెం దగ్గరికి పోదాం" అన్నాను.

"ఒడ్డుతోనే భయంరా. ఇక్కడ ఇంజన్ మొరాయించినా ఆలోచించుకునే టైం ఉంటది. అక్కడైతే అల లాక్కెళ్లి రాళ్ల మీద పడేస్తది. పైగా వలలు. చుక్కానికి చుట్టుకుంటే అయిపోయినట్టే."

అప్పుడు గుర్తొచ్చింది, 1244లో మన గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారట. న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని ఈయన రాయించాడు. బడిలో చదివినప్పుడు రాజుగారి దయ అనుకున్నాను. రాళ్ల నుంచి బతికి బయటపడ్డవాడికి ఒడ్డున ఇంకో గండం ఉండేదన్నమాట. చెరువుల మధ్య ఓరుగల్లులో కూర్చున్నాయనకు ఈ బాధ ఎవరు చెప్పుకున్నారో!

రుషికొండ దాటాక తిన్న సకినాలన్నీ సముద్రానికే అప్పగించాను. కిందికి పోయి పడుకోబోతే బావ పోనివ్వలేదు, దూరంగా ఒకేచోట చూస్తూ కూర్చోమన్నాడు. భీమిలి ముందర ఎర్రమట్టి దిబ్బలు కనిపించాయి. అచ్చం మన ఎర్ర చెలకల రంగు. వాటినే చూస్తూ కూర్చున్నాను, కడుపు కుదుటపడింది.

తిరుగు ప్రయాణంలో గాలి ఎదురు. తెరచాపతో గాలికెదురుగా నేరుగా పోలేం, అడ్డదిడ్డంగా మలుపులు తిరగాలి. గంటసేపు అట్లా తిరిగి చూస్తే రుషికొండ ఇంకా ముందే ఉంది. బావ ఏమీ అనకుండా ఇంజన్ వేశాడు.

రాత్రి అమ్మ ఫోన్. "ఒడ్డు పొంటే పోయిండ్రా?"

"ఆ, ఒడ్డు పొంటే పోయినం."