వాసన ఫోటోలో పడదు

"వాసన రిపోర్టులో రాయలేం. ఫోటో చూపించు" అన్నాడు మా సూపర్‌వైజర్. దుబాయ్‌లో ఒక టవర్ భవనంలో, కరెంటు పంచే ఎల్‌టీ ప్యానెల్ ముందు వేడిని ఫోటో తీసే థర్మల్ కెమెరాతో నిలబడి, బీ ఫేజ్ దగ్గర ఏదో కాలుతోందని చెప్పినందుకు వచ్చిన జవాబు అది. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. రాత్రి రూముకొచ్చినా ఆ మాట నాకు మింగుడు పడలేదు.

పరకాల పక్కన మా ఊళ్లో లైన్‌మన్ కాకకు ముక్కూ చెవులే మీటర్లు. యాసంగిలో కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే అందుకునేవి. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గర కాసేపు నిలబడి "జంపర్ లూజైంది, ఎల్‌సీ అడుగుండ్రి" అనేవాడు. జంపర్ అంటే లైన్లను కలిపే తీగ ముక్క, ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, పని కోసం లైన్‌లో కరెంటు ఆపించడం. చీకట్లో ఆ జంపర్ ఎర్రగా కనిపిస్తేగానీ మాకు తెలిసేది కాదు.

దుబాయ్‌లో ఆ రోజు కెమెరాలో కూడా మొదట ఏమీ కనపడలేదు. కేబుల్ కొసన బిగించే మెరిసే అల్యూమినియం లగ్ చల్లగా ఉన్నట్టే చూపించింది. మెరిసే లోహం తన వేడిని ఇన్‌ఫ్రారెడ్‌గా చాలా తక్కువ వదులుతుంది, చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. అందుకే పక్కనే కేబుల్ పీవీసీ తొడుగు మీద గురిపెట్టాను. మిగతా రెండు ఫేజ్‌ల కన్నా 20 డిగ్రీలకు పైనే ఎక్కువ. ఒకే లోడ్‌లో ఉన్న ఒకేలాంటి జాయింట్ల మధ్య తేడా 15 డిగ్రీలు దాటితే పెద్ద లోపం కిందే లెక్క. సూపర్‌వైజర్ చూసి, మారుమాట లేకుండా ఫోటో సేవ్ చేయమన్నాడు. ముక్కు సంగతి ఎత్తలేదు!

కెమెరా గొప్పదే, కాదనను. కానీ దానికీ లోడ్ కావాలి, కనీసం 40 శాతమైనా. కరెంటు సగమైతే జాయింట్‌లో పుట్టే వేడి నాలుగో వంతే. ఏసీలన్నీ నడిచే మండు వేసవిలో, లైవ్ ప్యానెల్ తలుపు తీసి, షార్టయితే ఎగిసే మంట నుంచి కాపాడే బరువైన ఆర్క్ సూట్‌లో చెమటలు కక్కుతూ మేం చూసేది అందుకే.

అయినా ఒక్క విషయంలో ఈ దుబాయ్ వాళ్లకు దండం పెడతాను. వేడి కనిపించిందని ఎవరూ అక్కడికక్కడే పానా పట్టరు. పర్మిట్, షట్‌డౌన్, ఎవరూ పొరపాటున ఆన్ చేయకుండా స్విచ్‌కు ఎవరి తాళం వాళ్లు వేసుకోవడం, ఎంత బిగించాలో కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో బిగింపు, మళ్లీ లోడ్ మీద ఇంకో ఫోటో. మా దగ్గర ఎల్‌సీ ఫోన్‌లో నోటిమాటగా నడిచిపోవడం చూశాను. సబ్‌స్టేషన్లకు మన దగ్గరా థర్మల్ కెమెరాలు వస్తాయి, పొలం గట్టు ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చింది మాత్రం నేనెప్పుడూ చూడలేదు. కాక రిటైరయ్యాక ఏ స్తంభం మీద ఏ జంపర్ సతాయిస్తుందో చెప్పే కాగితం ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పుడు మా బావకు కూడా ఈ కెమెరా మీద మోజు పుట్టింది. "ఈసారి వచ్చేటప్పుడు ఫోన్‌కు తగిలించేది ఒకటి తే బామ్మర్దీ, స్టార్టర్ డబ్బా చూసుకుంటా" అన్నాడు. మూసిన డబ్బాలోకి అది చూడలేదని, మోటారు నడుస్తుండగానే మూత తీయాలని చెప్పాను.

"అయితే వద్దు తియ్. పోయినేడు ఆ డబ్బానే కొట్టింది."