వానికేం తక్కువ?

వేయిస్తంభాల గుడికి మొదటిసారి తీసుకెళ్లిన రోజు మా వాడు స్తంభాలు లెక్కబెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఎవరో పలకరించారు, లెక్క తప్పింది. అక్కడే చెవులు మూసుకుని ఒకటే ఏడుపు. మళ్లీ ఒకటి నుంచి లెక్క పెట్టించి ఇంటికి చేరేసరికి చీకటి పడింది. వాడికి ఎనిమిదేళ్లు. గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడని ఒక్కసారి చదివి గుర్తుపెట్టుకున్నాడు.

డాలస్‌లో ఉన్నప్పుడే ఆటిజం ఉందేమో చూడమని బడికి ఉత్తరం రాశాం. అక్కడ బడి ఒప్పుకుంటే పరీక్షలకు మనం పైసా కట్టక్కర్లేదు. కానీ టీచర్ మొదటి మాట, "లెక్కల్లో క్లాసు కంటే ముందున్నాడు, వీడికెందుకు?" పాసవుతున్నాడు కదా అని సాయం కాదనకూడదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. అది చూపించాక కదిలారు. ఆ పని సగంలో ఉండగానే మామయ్య ఆరోగ్యం బాగాలేక హన్మకొండ వచ్చేశాం. వాడికి ఆటిజం ఉందో లేదో ఇంకా తేలలేదు.

అత్తమ్మ మాత్రం తేల్చేసింది. "వానికేం తక్కువ? వాళ్ల నాయిన గూడ గట్లనే ఉండె. ఐదేండ్లదాంక నలుగుర్ల నోరు తెరువలే." డాలస్ ఫారంలో 'కళ్లలోకి చూసి మాట్లాడడు' అని ఉందంటే నవ్వింది. "పెద్దోళ్ల కండ్లల్ల కండ్లు పెట్టి చూసుడు మర్యాదనా?" నాకు జవాబు తోచలేదు. కానీ పక్కింటావిడను పెద్దమ్మా అని పిలవమంటే వీడు, "నువ్వు మా అమ్మకు అక్కవు కాదు కదా, పెద్దమ్మ ఎట్లయితవు?" అని మొహం మీదే అడిగాడు. ఆ రోజు అత్తమ్మ నవ్వలేదు.

ఇక్కడ మొదటి స్కూల్లో తప్పు నాదే. సీటు కోసం ముందు వాడి తెలివంతా ఏకరువు పెట్టాను. మేడమ్ సంబరపడి, "ఒలింపియాడ్ బ్యాచ్‌లో వేద్దాం" అన్నారు. ఆటిజం మాట ఎత్తగానే, "అట్లాంటి పిల్లలకు వేరే స్కూళ్లుంటాయి కదమ్మా" అన్నారు. రెండు మాటలకూ మధ్య ఐదు నిమిషాలు కూడా లేవు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో చేర్చిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా అలాంటి పిల్లలను చేర్చుకుని, అవసరమైన సర్దుబాట్లు చేయాలి. ఆ చట్టం ప్రింటు నా బ్యాగులోనే ఉంది. బయటికి తీయలేదు. చేతిలో ఆటిజం ఉందన్న సర్టిఫికెట్ లేదు, పైగా గొడవపడి చేర్పిస్తే రోజంతా వాళ్ల మధ్య ఉండాల్సింది వాడు.

రెండో స్కూల్లో తెలివీ ఎత్తలేదు, ఆటిజమూ ఎత్తలేదు. ప్రేయర్‌లో మైకు దగ్గర నిలబెట్టొద్దన్నాను. టైంటేబుల్ మారితే ముందే చెప్పమన్నాను. లెక్కలు తొందరగా అయిపోతే ఊరికే కూర్చోబెట్టకుండా ఇంకో లెక్క ఇవ్వమన్నాను. క్లాస్ టీచర్ పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే చిన్నమ్మాయి. ఎవరూ చెప్పకుండానే ఆ రోజు పీరియడ్లన్నీ చీటీ మీద రాసి వాడి బల్లకు అంటించింది. ఒక శనివారం వాన పడితే 'గేమ్స్' కొట్టేసి పక్కన 'సైన్స్' అని రాసింది. వాడు చీటీ చూసి, సైన్స్ పుస్తకం తీశాడట. డాలస్‌లో అయితే ఆ రోజు నాకు ఫోన్ వచ్చేది.

వచ్చే నెల సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీకి, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థకు వెళ్తున్నాం. మన దేశంలో ఆటిజం ఎంతుందో అంచనా వేయడానికి వాడే ఐఎస్ఏఏ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) ప్రశ్నావళిలో 40 అంశాలుంటాయి. కళ్లలోకి చూడటం అందులోనూ ఉంది. ఆ మాట చెప్పినప్పటి నుంచి అత్తమ్మ తనూ వస్తానంటోంది. డాక్టరును ఆ ముక్క ఆమే అడుగుతుందట.