సోషల్ సారు చెప్పిన ఆర్య ద్రావిడ పాఠం

ఆదిలాబాద్ జిల్లాలోని మన హైస్కూల్లో 1986లో పదో తరగతి చదివిన బ్యాచ్ మాది. ఊరి పిల్లలతో పాటు ఉట్నూరు, జైనూరు వైపు గూడేల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే గోండు, కొలాం పిల్లలూ మా క్లాసులో ఉండేవాళ్లు. "వాళ్ల జాతే వేరు" అన్న మాట ఊళ్లో పెద్దల నోట మామూలుగా వచ్చేది. అదే బడిలోకీ వచ్చింది. బెంచీలు వేరయ్యాయి. హాస్టల్ పిల్లలు మా ముందు గోండిలో మాట్లాడటమే మానేశారు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆర్యులు, ద్రావిడుల పాఠం వచ్చినప్పుడు మా సోషల్ సారు పుస్తకం పక్కన పెట్టి మాట్లాడారు. ఇవి భాషా కుటుంబాల పేర్లే తప్ప ఒంటి రంగుకు పెట్టినవి కావన్నారు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి తెలుగు ధాతువులతోనే (మూల క్రియారూపాలతోనే) చూపించాడు. 1856లో కాల్డ్‌వెల్ అనే క్రైస్తవ మిషనరీ రాసిన దక్షిణాది భాషల తులనాత్మక వ్యాకరణంతో ద్రావిడ అన్న పేరు స్థిరపడింది. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ అయితే ముక్కుల కొలతలు పట్టుకుని అలాంటి పేర్లనే జాతులకు తగిలించాడు. ఆర్య అన్నది భాషకే చెల్లుతుందని, రక్తంతో, ఎముకలతో దానికి పని లేదని 1888లోనే సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ గట్టిగా రాసినా విన్నవాళ్లు తక్కువ. ఆ వినకపోవడం హిట్లర్ కాలంలో ఎక్కడికి దారి తీసిందో కూడా సారు చెప్పారు.

తర్వాత ఒక హాస్టల్ అబ్బాయిని గోండిలో అంకెలు చెప్పమన్నారు. రెండు నుంచి నాలుగు దాకా మాకు అర్థమైపోయాయి! తమిళం, కన్నడం కంటే గోండి, కువి భాషలే తెలుగుకు దగ్గరి చుట్టాలని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు నిరూపించిన సంగతి నేను ఉస్మానియాలో చదివాను. అయినా భాష కలిసిందని రక్తం ఒకటని కాదు. బెలూచిస్తాన్‌లో బ్రాహుయీలు మాట్లాడేది ద్రావిడ భాషే, చూడటానికి మాత్రం పక్కనున్న బెలూచీల్లాగే ఉంటారు. మన జిల్లా నాయకపోడు గిరిజనుల ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. ఏ ఇంట్లో పెరిగితే ఆ ఇంటి భాష వస్తుంది, అంతే. ఇంత తేలికైన సంగతిని ఫోన్లలో ఆర్య, ద్రావిడ రక్తమంటూ కొట్టుకునే చదువుకున్నవాళ్లు కూడా పట్టించుకోరు.

మన జిల్లాలోని గుంజాల ఊళ్లో దొరికిన గోండి లిపి, గుంజాల గోండి లిపి, 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను గుర్తించే ప్రమాణంలో, చేరింది. మన బడి లైబ్రరీలో ఆ లిపి పుస్తకాలు ఒక్కటీ లేవు. ఈసారి బ్యాచ్ తరఫున మనం ఇచ్చే బీరువాలో పై అర వాటికే కేటాయిద్దామని నా ప్రతిపాదన. ఖర్చులో నా వంతు నేను ఇస్తాను.