గొట్టంలో ఆరు, చాంబర్‌లో సున్నా

కోనసీమ నుంచి అమెరికా వెళ్ళి, అక్కడ లైసెన్సుతో జింకల వేటకి బయల్దేరే మన కుర్రాళ్ళ కోసం ఇది. ఇక్కడ మాత్రం ఆ ఊసే వద్దు. కొల్లేటిలో కొంగను కొట్టినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

విన్‌చెస్టర్ 94, మార్లిన్ 336 లాంటి లివర్ రైఫిళ్ళలో (ట్రిగ్గర్ కిందున్న మీట, అంటే లివర్, తెరిచి మూస్తే తూటా ఎక్కే రకం) తూటాలు బారెల్ కింద ఉన్న గొట్టంలో వరసగా ఉంటాయి. నడిచేటప్పుడు గొట్టం నిండా ఉన్నా పర్వాలేదు, చాంబర్, అంటే బారెల్ వెనక తూటా కూర్చుని పేలే గది, ఖాళీగా ఉండాలి. అందుకో వరస ఉంది. ముందు ఖాళీ తుపాకీ లివర్ మూసి, హ్యామర్ (తూటాని పేల్చే పిన్నుని కొట్టే సుత్తి) దించేయాలి. ఆ తర్వాతే పక్కనున్న కంతలోంచి తూటాలు ఎక్కించాలి, 336లో అయితే ఆరు. ఇక జింక కనబడేదాకా లివర్ ముట్టుకోవద్దు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చాంబర్ ఖాళీయేనా అని మధ్యలో లివర్ పూర్తిగా తెరుస్తారు. అప్పుడు గొట్టంలోంచి ఒక తూటా బయటికొచ్చి కూర్చుంటుంది. మూయగానే అది చాంబర్‌లోకి పోతుంది, హ్యామర్ లేచి ఉంటుంది. చూద్దామని తెరిచినవాడు తుపాకీని పేలడానికి సిద్ధం చేసినట్టే.

పొరపాటున చాంబర్‌లోకి తూటా ఎక్కితే తూటాలన్నీ తీసేయడమే మేలు. హ్యామర్‌ని సగం మెట్టు (అది సగంలో ఆగే గాడి) మీదికి దించి నడుస్తామనేవాళ్ళున్నారు. అలా దించాలంటే ట్రిగ్గర్ నొక్కాలి. చలికి కొంకర్లు పోయిన బొటనవేలు జారితే తుపాకీ పేలుతుంది. హ్యామర్‌ని పూర్తిగా కిందికి దించడం ఇంకా చెడ్డది. పాత 94లో పిన్ను తూటా అడుగుకి ఆనుకుని ఉంటుంది, హ్యామర్ మీద దెబ్బ పడితే చాలు. బటన్ సేఫ్టీ (పేలకుండా ఆపే బొత్తాం) ఉన్న కొత్తవాటికీ ఖాళీ చాంబరే దిక్కు.

తడిసిన వరిగట్టు మీద నడిచిన కాళ్ళకి జారడం గురించి చెప్పక్కర్లేదు. అక్కడి వాగూ, ముళ్ళకంచే అంతే. దాటే ముందు తూటాలన్నీ తీసేయాలి: బారెల్ మెత్తటి నేలవైపు, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి, లివర్‌ని చివరిదాకా ఆడించాలి. సగంలో ఆపితే ఇరుక్కుపోతుంది. ఆరు పెట్టామంటే ఆరూ రాలాలి. తర్వాత చాంబర్‌లోకి చూసి, చిటికెనవేలు పెట్టి తడమాలి. లివర్ తెరిచే ఉంచి, బారెల్ మనవైపు తిరగకుండా తుపాకీని కంచె కిందనుంచి అవతలికి జరిపి, ఆ తర్వాత మనం దాటాలి.

జారిపడి బారెల్ మూతిలో బురద దూరితే అలాగే కాల్చొద్దు, బారెల్ పగులుతుంది. తూటాలు తీసేసి, కడ్డీతో పొడిచి శుభ్రం చేశాకే మళ్ళీ నింపాలి.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. తూటా ముక్కు చదునుగానో గుండ్రంగానో ఉండాలి. గట్టి మొనదేలినదైతే కాల్చిన అదురుకి ముందున్న తూటా ప్రైమర్‌ని (అడుగున ఉండే, దెబ్బకి అంటుకునే మందుబిళ్ళ) పొడిచి, గొట్టంలోనే పేలే ప్రమాదం ఉంది.