మణికట్టు విరిగాక విశాఖలో మూడు రోజులు

సెప్టెంబరు చివర్లో వాన తడికి మేడమెట్ల మీద జారి, కుడిచెయ్యి కింద పెట్టి పడ్డాను. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. కట్టు విప్పాక చూసుకుంటే అది నా చెయ్యేనా అనిపించింది. సన్నబడిపోయి, చర్మం పొట్టు లేచి, వేళ్ళు ముడవాలంటేనే నొప్పి. గుప్పిట మూయడం కొన్నాళ్ళకు వచ్చింది కానీ, అరచెయ్యి పైకి తిప్పడం మాత్రం రాలేదు. కిలో మించి బరువు ఎత్తొద్దన్నారు డాక్టరు గారు. నా నికాన్ డి750 కెమెరా, దానికి ఎప్పుడూ ఉండే 24–120 లెన్స్, రెండూ కలిపితే కిలోన్నర దాటుతాయి.

విశాఖకు టిక్కెట్లు నేను జారి పడకముందే తీసుకున్నాం. అక్కడ చదువుకుంటున్న మేనకోడలు ఫోన్లో "కెమెరా ఇంట్లో పెట్టేసి రా మావయ్యా, నా ఫోనుందిగా" అంది. వదిలి వెళ్ళలేకపోయాను. చేతిలో కెమెరా లేకుండా కొత్త చోటు చూసిన రోజు నాకు గుర్తులేదు. పెద్ద లెన్స్ తీసేసి, 185 గ్రాముల 50 ఎంఎం లెన్స్ పెట్టాను. మొత్తం కిలో పైన పాతిక గ్రాములకు దిగింది. మోనోపాడ్ అనే ఒంటికాలి కెమెరా కర్ర, బొటనవేలంత ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ సంచిలో వేసుకుని రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కాను.

ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌లో మొదటి ఫోటోకే చెయ్యి జివ్వుమంది. అలవాటు కొద్దీ కుడిచేత్తో బిగించి పైకి లేపాను మరి. కెమెరాల పట్టు, మీట అన్నీ కుడివైపే ఉంటాయి కాబట్టి బరువంతా కుడిచెయ్యే మోస్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. సిమెంటు అరుగు మీద కూర్చుని నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాను. పట్టీ పొట్టిగా చేసి మెడలో వేసుకున్నాను. ఎడమ అరచెయ్యి లెన్స్ కింద పెట్టి, మోచెయ్యి డొక్కకు ఆనించి, ఎడమచేత్తోనే లేపాను. కెమెరాను కాస్త ముందుకు తోస్తే పట్టీ మెడ వెనక బిగుసుకుంటుంది, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ కనుబొమకు ఆనుతుంది. కుడిచేతికి మిగిలింది చూపుడువేలు మీట మీద వాల్చడమే. నొప్పి లేదు. అలలు అరుగు దాకా వచ్చి వెళ్తుంటే పదీ పదిహేను ఫోటోలు తీసి, చీకటి పడ్డాక లేచాం.

నిలువు ఫోటోలు మాత్రం కుదరలేదు. కెమెరా నిలబెడితే కుడిచెయ్యి పైన ఉండి మణికట్టు వంకర తిరుగుతుంది. అన్నీ అడ్డంగానే తీసి, కావాలంటే ఇంటికెళ్ళాక కోసుకుందామనుకున్నాను.

మర్నాడు కురుసుర జలాంతర్గామి చూద్దామనుకుని, అంతకుముందు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాం. బోట్లు వచ్చి ఉన్నాయి. కోనం, చందువ, రొయ్యలు గుట్టలు పోసి వేలంపాట పాడుతున్నారు. వెలుతురు ఇంకా చాల్లేదు. 50 లెన్స్‌తో ఫోటో కదలకుండా రావాలంటే మామూలుగా షట్టరు సెకనులో యాభయ్యో వంతు తెరుచుకుంటే చాలు. వణికే చెయ్యి కాబట్టి రెండువందల యాభయ్యో వంతు కన్నా తగ్గకుండా ఆటో ఐఎస్ఓలో ముందే పెట్టుకున్నాను. వెలుతురును పట్టే శక్తి, అదే ఐఎస్ఓ, 6400కి ఎక్కింది. మచ్చలు వచ్చాయి, వస్తే రానీ. కదిలిపోయిన ఫోటో కన్నా మచ్చల ఫోటో వెయ్యి రెట్లు నయం.

కానాగంతలు గంపకెత్తుతున్న ఒకావిడ నా మణికట్టుకు చుట్టుకున్న పట్టీ చూసింది.

"సెయ్యికేటయినాది బాబూ?"

విరిగిందని చెప్పాను. "మా ఆయనకీ ఇరిగింది. వేణ్ణీళ్ళల్లో ఎట్టు రోజూ" అంటూనే రెండు చేతులా చేపలు దోసిలితో ఎత్తి గంపలో పోసింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, పొలుసులు మణికట్టు దాకా అంటి మెరుస్తున్నాయి. అడిగి, ఆ చేతులే తీశాను. మూడు రోజుల్లో నాకు నచ్చిన ఫోటో అదే.

కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి, పై కమ్మీ పట్టుకుని, కాలు ముందు పెట్టి దాటాలి. ఒక్క ఎడమచెయ్యే ఆసరా అయ్యేసరికి కెమెరా సంచి మేనకోడలికిచ్చేశాను. ఈ ఇరుకులో నెలల తరబడి ఎలా బతికారో అనుకుంటూ బయటికొచ్చాం.

మధ్యాహ్నం భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. ఇనుము తుప్పుతో ఎరుపెక్కిన ఇసుకను వాన కోసి కోసి గట్లు, లోయలు చేసింది. మోనోపాడ్ కర్ర ఇసుకలో కూరుకుపోతోంది. చెప్పు విప్పి దాని కింద పెడితే నిలబడింది. ఎడమచేత్తో కర్ర పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో రిమోట్ నొక్కాను. మణికట్టుకు పనే లేదు. ఎండలో రిమోట్ ఒక్కోసారి పలకదు. అప్పుడు నా నీడ కెమెరా మీద పడేలా జరిగి నొక్కితే పలికింది. రోజుకు మూడొందలు తీసే నేను ఆ పూట నలభై తీశాను. ప్రతిదానికీ ఎక్కడ నిలబడాలో ముందే చూసుకోవాల్సి వచ్చింది, అందుకని ఆ గట్ల మీద నీడ ఎలా జరుగుతుందో మొదటిసారి కూర్చుని చూశాను.

మూడో రోజు పొద్దున్నే సింహాచలం వెళ్ళాం. కెమెరా తీసుకెళ్ళలేదు. దర్శనమయ్యాక తీర్థం దగ్గర చెయ్యి చాపాను. అరచెయ్యి సగమే తిరిగింది. ఎడమచెయ్యి కింద పెట్టి నెమ్మదిగా వత్తుతుంటే, వెనక వరస ఆగింది. పూజారి గారు ఉద్ధరిణి పట్టుకుని తొందరపెట్టకుండా నిలబడ్డారు. ఇంకాస్త తిరిగింది. తీర్థం పోశారు. సగం మోచేతి వైపు జారింది, మిగిలింది తాగాను.